విప్పని ముడుపు

హెర్న్‌డన్,
మార్చి 22, 2014.

చిరంజీవి ఇషాకి అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

పేరు ముందు చేతి అలవాటు కొద్దీ 'సౌ' అని రాసి కొట్టేశాను. ఆ కొట్టివేత నీకు కనబడుతుంది. కనబడనీ. ఇంకో కాగితం తీసుకుంటే ఈ ఉత్తరం మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు ఉండదు.

మేమిద్దరం క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. నాన్నకి షుగర్ అదుపులో ఉంది, మోకాలు లేదు, నోరు అంతకన్నా లేదు. సోమవారం మళ్లీ మంచు పడింది. మార్చిలో మంచేమిటని ఆయన ఆకాశాన్ని తిడుతూ డ్రైవ్‌వే మీదంతా ఉప్పు చల్లారు. నువ్వు క్షేమమని తలుస్తాను అని మాత్రం రాయలేకపోతున్నాను. నీ పక్క మంచం ఆవిడని మేజోడులో తాళంకప్ప వేసి మొహం మీద కొట్టారనీ, అడ్డం వెళ్తే నీ కట్టుడు పన్ను ఊడిపోయిందనీ, నేల మీద నెత్తురు నీ చేతే తుడిపించారనీ రాశావు. ఆ మూడు ముక్కలూ పొయ్యి దగ్గర నిలబడి చదివాను. పప్పు మాడిపోయింది. ఆ మాడు వాసన ఇంట్లోంచి రెండు రోజులు పోలేదు.

రెండేళ్ల తర్వాత నీ దగ్గర్నుంచి వచ్చిన మొదటి ఉత్తరం ఇది. మూడుసార్లు జార్జియా దాకా వచ్చాను, మూడుసార్లూ నువ్వు విజిటింగ్ రూమ్‌లోకి రానన్నావని చెప్పి పంపేశారు. నీ తప్పు లేదు. నేనైనా వచ్చేదాన్ని కాను. ఈ ఉత్తరం నాకు చేరడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. తెలుగు చదివేవాళ్లు దొరక్క ఆపి ఉంటారని నీ లాయరు రాజ్ అన్నాడు. "ఆంటీ, లెటర్స్‌లో కేస్ గురించి ఒక్క వర్డ్ కూడా రాయొద్దు. వాళ్లు అన్నీ చదువుతారు, కాపీ తీస్తారు" అని కూడా అన్నాడు. చదవనీ. ఇంత వయసొచ్చి, ఎవరు చదువుతారో ఎవరు వింటారో అని బతికిన బతుక్కి ఏమైందో చూశాం కదా. నేనే ఒక కాపీ తీసి రాజ్‌కి పంపుతున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. నీ గది అలాగే ఉందా అన్నావు. లేదు. నాన్న అక్కడ ట్రెడ్‌మిల్ పెట్టారు. దాని మీద నడిచింది రెండు రోజులు, ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నాం. నీ పుస్తకాలు మాత్రం అటక మీద పెట్టెలో ఉన్నాయి. విశాల్ వాళ్లమ్మ ఇంకా ఫోన్ చేస్తుందా అన్నావు. చేస్తుంది. రాధారాణిగారు ఇప్పుడు ఫ్రీమాంట్‌లో చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. పోయిన కొడుకు పుట్టినరోజు నాడు చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరి బిడ్డ కోసం వాళ్లం ఏడ్చి ఫోన్ పెట్టేశాం.

ఇంకా ల్యాబ్‌కి వెళ్తున్నావా, ఏం చేస్తున్నావు అన్నావు. దీనికి పెద్ద జవాబే ఉంది. ఓపిగ్గా చదువు, నీ నాలుగో ప్రశ్నకి దారి ఇందులోంచే ఉంది.

వెళ్తున్నాను. పని అదే. తవ్వకాల్లో దొరికిన లోహపు వస్తువులకి మట్టి తీసి, పాడవకుండా భద్రం చెయ్యడం. కిందటేడు ఇక్కడి యూనివర్సిటీ వాళ్లు ఇంగ్లండ్‌లో ఒక నది ఒడ్డున బురద తవ్వి, మూడొందల పన్నెండు బిళ్లలు తెచ్చి మాకిచ్చారు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటివి. తీర్థయాత్రకి వెళ్లినవాళ్లు గుర్తుగా కొనుక్కున్నవి. సీసమూ తగరమూ కరిగించి అచ్చులో పోస్తే తయారయ్యేవి. మనం తిరుపతిలో వెంకన్న డాలరు కొని మెళ్లో వేసుకుంటామే, వాళ్లు టోపీకో చొక్కాకో కుట్టుకునేవాళ్లు.

ఆ క్షేత్రం ఏమిటో చెబితే నీకు నవ్వొస్తుందో రోత పుడుతుందో తెలియదు. అది ఒక మతగురువుని చర్చిలోనే నలుగురు కత్తులతో నరికి చంపిన చోటు. నడినెత్తి ఎగిరిపడింది. ఒకడు కత్తిమొనతో మెదడు తోడి రాతి నేల మీద చిమ్మాడు. జనం వచ్చి ఆ నెత్తురులో గుడ్డలు అద్దుకుని ఇళ్లకి పట్టుకెళ్లారు. తర్వాత ఆ నెత్తుటి చుక్క కలిపిన నీళ్లని సీసపు కుప్పెల్లో పోసి మందని ఇచ్చారు. మా బిళ్లల్లో నలభై దాకా చిన్న చిన్న కత్తులే. అగ్గిపుల్లంత కత్తి, దానికో ఒర, లాగితే బయటికి వస్తుంది. చంపిన కత్తి బొమ్మనే గుండెల మీద కుట్టుకుని తిరిగారన్న మాట. మార్గరెట్ అయితే, అదే, మా బాస్, వాటిని ముద్దుగా అరచేతిలో పెట్టుకుని చూసేది. నేను ఒక్కొక్కదాన్నీ బ్రష్‌తో కడుగుతుంటే, కోర్టులో ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చీటీ కట్టి చూపించిన నీ వంటింటి కత్తే కళ్ల ముందు ఆడేది. కమ్మింగ్ ఊళ్లో మీ గృహప్రవేశానికి ఆ కత్తుల సెట్టు కొనిచ్చింది నేనే. పెద్దది పుచ్చకాయకి పనికొస్తుందని షాపులో వేలితో పదును చూసి మరీ కొన్నాను.

అక్టోబర్‌లో ఒక తప్పు చేశాను. ఒక బిళ్ల సగానికి మడత పడి వచ్చింది. బండి చక్రం కిందో నాగలి కిందో పడి వంగిపోయి ఉంటుందనుకున్నాను. ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది కదా, ఎవర్నీ అడగలేదు. కొంచెం వేడి చేసి పట్టకారుతో మెల్లగా విప్పాను. చేతిలో మూడు ముక్కలైంది. మార్గరెట్ నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు ఆ ముక్కల్ని చాలాసేపు చూసి, "భానూ, అది వంగిపోయింది కాదు, ఎవరో కావాలని వంచారు. వాళ్లు మనకి వదిలిన మాట ఆ మడత ఒక్కటే. నువ్వు దాన్ని విప్పి చెరిపేశావు" అంది. బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. యాభై తొమ్మిదేళ్ల మనిషిని తిడితే ఏడుపేమిటని నాన్న వేళాకోళం చేశారు.

జనవరిలో ఇంకోటి బయటపడింది. ఇది నాలుగు మడతలు, చింతగింజంత. ఈసారి చెయ్యి వెయ్యలేదు. భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ముడుపు" అన్నాను. తెలుగులోనే అన్నాను. మార్గరెట్ అంటే ఏమిటంది. చెప్పాను. ఇంట్లో కష్టం వస్తే పసుపు గుడ్డలో రూపాయి పెట్టి, మొక్కు చెప్పుకుని ముడి వేస్తామనీ, దేవుడి దగ్గర పెడతామనీ, ఆ కష్టం గట్టెక్కాక కొండకి తీసుకెళ్లి హుండీలో వేస్తామనీ, ఈలోగా చచ్చినా ముడి విప్పమనీ చెప్పాను. విప్పితే మొక్కు పోతుంది. ఆవిడ అంతా రాసుకుంది. సీసం లోపలికి మా ఎక్స్‌రే పోదు కాబట్టి మేరీలాండ్‌లో వేరే రకం కిరణాలున్న ల్యాబ్‌కి పంపారు. నిజంగానే లోపల ఒక వెండి కాసు, రెండుగా వంచి పెట్టి ఉంది. ఆ కాలంలో వాళ్లు కూడా మొక్కుకునేటప్పుడు కాసు వంచేవాళ్లట. కాన్ఫరెన్స్ రూమ్‌లో కేక్ కోశారు. "లోపల ఏముందో నీకెలా తెలిసింది?" అని మార్గరెట్ అడిగింది. "మా ఇంట్లో ఒకటి ఉంది" అన్నాను. నోరు జారి అన్న మాట అది. కేక్ ప్లేటు బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

ఇక నీ నాలుగో ప్రశ్న. 'అమ్మా, ఆ పన్ను ఏం చేశావు? రాజ్ కొత్త ట్రయల్‌కి పిటిషన్ వేస్తున్నాడు. విశాల్ నన్ను అంతకు ముందు కొట్టాడనడానికి ఒక్క రుజువైనా కావాలంటున్నాడు. పద్మనాభం అంకుల్ పోయారు, ఆయన రాసిన కాగితం ఒక్కటీ లేదు. పారేశానని రాజ్‌కి చెప్పావట. నిజంగా పారేశావా?' అని రాశావు.

పారెయ్యలేదు.

జరిగింది నీకు తెలియనిది కాదు, కానీ నేను ఎవరి ముందూ నోరు తెరిచి చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తాను. చదివే ఆఫీసర్‌కి కూడా తెలియాలి. 2008 నవంబర్, థాంక్స్ గివింగ్ నాడు. కమ్మింగ్ నుంచి పది గంటలు ఒక్కదానివే డ్రైవ్ చేసుకుంటూ వచ్చి తలుపు కొట్టావు. పై పెదవి రెండుగా చీలి ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. స్వెటర్ మెడ దగ్గర నుంచి పొట్ట దాకా నెత్తురు ఎండి అట్టకట్టింది. గుప్పిట్లో టిష్యూ కాగితం, అందులో ముందు పన్ను, వేరుతో సహా. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదని జుట్టు పట్టుకుని మొహాన్ని గ్రానైట్ గట్టుకేసి కొట్టాడన్నావు. ఒకసారి కాదు, లెక్కపెట్టలేదన్నావు. కొట్టి, తనే గట్టు తుడిచి, టీవీ పెట్టుకున్నాడన్నావు.

నేను అడిగిన మొదటి మాట గుర్తుందా? "ఎవరైనా చూశారా?" అన్నాను. నెత్తురోడుతున్న కూతురిని గుమ్మంలో నిలబెట్టి అమ్మ అడిగిన మాట అది.

పండగ రోజు డెంటల్ క్లినిక్ మూసి ఉంటే పద్మనాభంగారు మన కోసం వెనక తలుపు తీశారు. పెదవికి కుట్లు వేశారు. పన్ను పాలలో వేసి తెచ్చినా బాగుండేది, ఇప్పుడు లాభం లేదన్నారు. చేతులు కడుక్కుంటూ, "భానుమతిగారూ, ఇది కంప్లయింట్ ఇవ్వాల్సిన దెబ్బ. నేను చార్ట్ రాస్తాను, ఫోటోలు తీస్తాను. అమ్మాయికి పనికొస్తాయి" అన్నారు. వద్దన్నాను. చేతులు పట్టుకుని వద్దన్నాను. అంత మంచి మనిషి నా మాట విని కలం జేబులో పెట్టుకున్నారు.

మూడో రోజు ఇంక అక్కడికి వెళ్లనన్నావు. వెళ్లాలన్నాను. నన్ను చంపేస్తాడమ్మా అన్నావు. అప్పుడు కొట్టాను. వాచి ఉన్న చెంప మీదే కొట్టాను. కుట్టు తెగి మళ్లీ నెత్తురు వచ్చింది. "నువ్వూ అతనూ ఒకటే" అన్నావు. ఆ మాట నేను ఏనాడూ మర్చిపోలేదు. మర్నాడు నిన్ను కారెక్కించి, దారిలో తింటావని పులిహోర డబ్బాలో పెట్టి ఇచ్చాను. చెయ్యి కూడా ఊపాను.

కారు మలుపు తిరిగాక లోపలికి వచ్చి తెల్ల గుడ్డ పసుపులో తడిపాను. నీ పన్ను బాత్రూమ్ చెత్తబుట్టలోంచి తీసి కడిగాను. గుడ్డలో రూపాయి పెట్టాను, పన్ను పెట్టాను. గుడివాళ్లిచ్చిన క్యాలెండర్‌లోంచి నవంబర్ నెల చింపి, వెనక మొక్కు రాసి పెట్టాను. మూడు ముళ్లు వేసి దేవుడి అరలో వెంకన్న పటం వెనక పెట్టాను. అయిదున్నరేళ్లుగా అక్కడే ఉంది. నాన్నకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు కోర్టు సంగతి. నువ్వు అతన్ని మూడు పోట్లు పొడిచావు. ఒకటి భుజంలో, రెండు మెడలో. ఆ ఫోటోలు గోడంత తెర మీద వేసి జడ్జి ముందు జ్యూరీ పన్నెండు మందికి చూపించారు. తెల్ల గచ్చు మీద నెత్తురు ఫ్రిజ్ కిందదాకా పారింది. అతను అప్పుడు నీ గొంతు పట్టుకుని గట్టుకేసి అదుముతున్నాడని నువ్వు చెప్పావు. ముందు కూడా కొట్టేవాడనీ, పన్ను ఊడగొట్టాడనీ చెప్పావు. నీ తరఫు సాక్షిగా నన్ను పిలిచారు. ప్రభుత్వ లాయరు లేచి, మీ అల్లుడు ఎప్పుడైనా మీ అమ్మాయిని కొట్టినట్టు మీకు తెలుసా అన్నాడు. "లేదండి, బాగా ఉండేవాళ్లు" అన్నాను. మరి పన్ను అన్నాడు. "బాత్ టబ్‌లో జారిపడింది" అన్నాను. నువ్వు బల్ల దగ్గర్నుంచి నా వంక చూశావు. నేను మైక్ వంక చూశాను. పద్దెనిమిదేళ్లు వేశారు.

ఎందుకలా అన్నానని నన్ను నేను అడిగినప్పుడల్లా ఒక జవాబు చెప్పుకున్నాను. అంతకు ముందు వరండాలో రాధారాణిగారు నా చేతులు పట్టుకుని, "వదినగారూ, వాడు ఎలాగూ పోయాడు. వాడి పేరైనా మిగల్చండి" అంది. అది ఒక జవాబు. మీ కాపురం మంచిదని చెబితే నిన్ను మంచి ఇల్లాలిగా చూస్తారు, మంచి ఇల్లాలు మొగుణ్ని కావాలని చంపిందని ఎవరూ అనరు అనుకున్నాను. మన పెళ్లిచూపుల్లో చెప్పినట్టు అమెరికా కోర్టులో చెప్పాను. అదీ నిజమే. కానీ ఇవి రెండూ పై పై కారణాలు. అసలుది ఎవరికీ చెప్పలేదు. నీకే మొదట చెబుతున్నాను.

ఆ క్యాలెండర్ కాగితం మీద రాసింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'స్వామీ, అల్లుడు నా బిడ్డ మీద చెయ్యి చేసుకోవడం ఆగిపోవాలి. ఎట్లా ఆపుతావో నీ ఇష్టం. ఆగిన నాడు నీ కొండకి వచ్చి నిలువుదోపిడీ ఇచ్చుకుంటాను.'

2011 మేలో, శనివారం మధ్యాహ్నం పోలీసులు ఫోన్ చేశారు. అప్పుడు నేను పెరట్లో గోంగూర విత్తనాలు వేస్తున్నాను. మీ అమ్మాయి ప్రాణాలతోనే ఉంది, మీ అల్లుడు చనిపోయాడన్నారు. ఇషా, నాకు ముందు తట్టింది నువ్వు కాదు, ఆ చచ్చిపోయిన పిల్లాడూ కాదు. మొక్కు తీరిందని తట్టింది. ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. మట్టి చేతులతోనే దణ్ణం పెట్టాను. తర్వాత ఆ కాగితం మీది మాటలు గుర్తొచ్చాయి. ఎట్లా ఆపుతావో నీ ఇష్టం అని రాసింది నేనే కదా. నేను రాశాను, ఆయన ఆపాడు, నీ చేత్తో ఆపాడు. అప్పట్నుంచీ నీ చేతిలో కత్తి పెట్టింది నేనేనని నా నమ్మకం. ఆ పన్ను సంగతి కోర్టులో ఒప్పుకుంటే ముడుపు బయటికి వస్తుంది. ముడుపు బయటికి వస్తే కాగితం చదువుతారు. తల్లీ కూతుళ్లు రెండున్నరేళ్ల ముందే అతని చావు కోరుకున్నారని, ఇద్దరం కలిసి పథకం వేశామని అంటారని భయపడ్డాను. నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను. కాపాడుకున్నది నన్ను.

నీ ఉత్తరం వచ్చిన రాత్రంతా దేవుడి అర ముందు కూర్చున్నాను. రెండుసార్లు ముడి మీద చెయ్యి వేశాను. విప్పి, పన్ను తీసి, కాగితం తగలబెట్టేద్దామనుకున్నాను. పన్ను రుజువవుతుంది, నా రాత పోతుంది. అప్పుడు ఆ మూడు ముక్కలైన బిళ్ల గుర్తొచ్చింది. చెయ్యి తీసేశాను.

మర్నాడు ముడుపు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్లాను. మార్గరెట్‌ని ఎక్స్‌రే తియ్యమన్నాను. ఎందుకని అడక్కుండా తీసింది. తెర మీద గుండ్రంగా రూపాయి, దాని పక్కన పన్ను, పొడుగాటి వేరుతో. ఆవిడ తెర దగ్గరికి ఒంగింది. "ఎవరిది, భానూ?" అంది. "నా కూతురిది. మొగుడు ఊడగొట్టాడు. నాకు తెలుసు" అన్నాను. పైకి ఆ మాట అనడం అదే మొదటిసారి. మార్గరెట్ నా భుజం పట్టుకుని బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిపింది. "ఇంక నువ్వు దీన్ని ముట్టుకోవద్దు" అంది. తొడుగులు వేసుకుని, నాలుగు పక్కలా ఫోటోలు తీసి, పెట్టెలో పెట్టి, సీలు వేసి, తేదీ రాసి, తను సంతకం చేసి ఇంకొకరి చేత చేయించింది. ఎనిమిది వందల ఏళ్ల నాటి ముడుపుకి ఏం చేశామో నా ముడుపుకీ అదే చేశారు.

రాజ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను, కాగితం మీద ఏం రాశానో కూడా. ఏడుస్తూ, ఇది పథకం అంటారా బాబూ అన్నాను. "ఆంటీ, ఇది ప్లాన్ కాదు. హీ వాజ్ హిటింగ్ హర్ అని ఆ డేట్‌కి ఆ ఇంట్లో తెలుసు అనడానికి ఇదే ఎవిడెన్స్. మీరు విప్పలేదు కదా? ప్లీజ్, విప్పలేదని చెప్పండి" అన్నాడు. విప్పలేదన్నాను. విప్పి ఉంటే నిన్న రాసి పెట్టారనేవాళ్లట. ముడి పాతది, పసుపు లోపల ఒక రంగు, పైన అగరుధూపం పట్టి ఒక రంగు. ఇవన్నీ చూసి చెప్పేవాళ్లుంటారట. పన్ను నీదేనని వేరులోంచి డి.ఎన్.ఏ. తీసి తేలుస్తారట. మార్గరెట్ సాక్ష్యం చెబుతానంది. తర్వాత రాజ్ గొంతు తగ్గించి, "మీరు కోర్టులో అబద్ధం చెప్పారని కూడా ప్రూవ్ అవుతుంది ఆంటీ. అది క్రైమ్. పదేళ్ల దాకా వెయ్యొచ్చు. మీకు వేరే లాయర్ కావాలి" అన్నాడు. నీ కేసు ముగిశాక చూద్దామన్నాను.

నాన్నకి నిన్న చెప్పాను. ప్లేటు గోడకేసి కొట్టారు. నీకు తెలుసుగా, నలభై ఏళ్లలో ఆయన చిన్న గిన్నె కూడా విసరలేదు. కూతురు ఒక జైల్లో, పెళ్లాం ఒక జైల్లో ఉంటే నేనెవరితో మాట్లాడాలే అని అరిచారు. తర్వాత తనే ఒంగలేక ఒంగి గాజు పెంకులు ఏరారు. వేలు తెగింది. కట్టు కడుతుంటే, "ఆ రోజు క్లినిక్‌కి కారు నడిపింది నేనే. నేనూ నోరు మూసుకున్నాను. నన్నెవరూ అడగలేదు, బతికిపోయాను అనుకున్నాను. ఈసారి అడక్కపోయినా చెబుతాను" అన్నారు. జార్జియాకి కారు తనే నడుపుతారట. ఆ మోకాలితో. ఒద్దన్నా వినరు.

విచారణ ఏప్రిల్ 14న. నిన్నూ తీసుకొస్తారట. ఆ ముడి జడ్జి ముందు నేనే విప్పుతాను, రాజ్ ఒప్పుకున్నాడు. స్వామికి ఇవ్వాల్సిన ముడుపు కోర్టు బల్ల మీద విప్పడం తప్పే. ఆయనతో నా గొడవ నేను పడతాను. నీకు ఒక్కటే చెబుతున్నాను. జైల్లో కొత్త పన్ను కట్టిస్తామంటే అప్పటిదాకా వద్దను. ఆ ఖాళీ అలాగే ఉండనీ. జడ్జి నీ వంక చూసినప్పుడు నోరు తెరువు. నా వంక చూడక్కర్లేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే మళ్లీ నీ మీద ఒక పని పెట్టినట్టే.

నిన్ను లోపలికి తీసుకెళ్లిన రోజు గేటు దగ్గర నీ ఒంటి మీదవన్నీ తీయించి ఒక కవర్లో వేసి నా చేత సంతకం పెట్టించుకున్నారు. చెవి దుద్దులు, రెండు గాజులు, నల్లపూసలు, కాలి మెట్టెలు. ఆ కవరు ఇంకా నా బీరువాలోనే ఉంది. కోర్టు నుంచి నన్ను అటు తీసుకెళ్తే నావి కూడా అలాగే తీయిస్తారు. నిలువుదోపిడీ ఇస్తానని మొక్కాను కదా. కొండ దాకా వెళ్లక్కర్లేదు. ఆ గేటు దగ్గరే ఇచ్చేస్తాను. రెండు కవర్లూ నువ్వే వచ్చి తీసుకెళ్లు.

ఇట్లు,
అప్పుడు కొట్టిన చేత్తోనే ఇది రాసిన
మీ అమ్మ.